దోర్నాలలో కొన్న నల్లమల తేనె

శ్రీశైలం వెళ్తూ దోర్నాలలో అటవీ ఉత్పత్తులు అమ్మే ఒక చిన్న దుకాణంలో రెండు సీసాల తేనె కొన్నాను. ఒకటి నల్లమల కొండచరియలకు వేలాడే పెద్ద పట్టుల నుంచి చెంచులు తీసిన కొండ తేనె, అర కిలో 350 రూపాయలు. రెండోది అడవి బయట పొలాల గట్లమీద పెట్టెల్లో పెంచిన ఈగల తేనె. పెట్టె తేనె బాగానే ఉంది, ప్రత్యేకంగా చెప్పవలసినదేమీ లేదు.

కొండ తేనె ముదురు రంగులో, కాస్త పలుచగా ఉంది. తీపి దిగాక నాలుకమీద చిరు వగరు చాలాసేపు నిలుస్తుంది. మూత తీయగానే నురగ కనిపించినంత మాత్రాన కల్తీ అనుకోనక్కరలేదు, ఈ తేనెలో తేమ సహజంగానే ఎక్కువ. అయితే ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం తేమ 20 శాతం మించకూడదు కనుక పరీక్ష ఫలితం సీసామీద ఉంటే బాగుండేది.

ఇది ఏ అనుమతితో తీసిన తేనె అని అడిగితే యజమాని విసుక్కోకుండా వివరించారు, ఈ దుకాణం నాకు నచ్చింది అందుకే. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 29వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా అటవీ ఉత్పత్తులు తీయరాదు. అడవికి ముప్పు కలిగేలా నిప్పు రాజేయడాన్ని 30వ సెక్షన్ నిషేధిస్తుంది కాబట్టి, ఎండుటాకులు పరుచుకున్న వేసవిలో పొగపెట్టి ఈగలను తోలడానికి కూడా ఎంతో జాగ్రత్త కావాలి. మరోవైపు 2006 అటవీ హక్కుల చట్టం తేనెను చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చి, దాన్ని సేకరించి అమ్ముకునే హక్కును తరతరాలుగా అడవిలో బతుకుతున్నవారికి ఇచ్చింది. బయటి వ్యాపారి పెట్టెలు తెచ్చి అభయారణ్యంలో దించుకోవడానికి ఆ హక్కు వర్తించదు, వర్తించకూడదు కూడా. పెట్టెల్లో విరివిగా పెంచే ఐరోపా జాతి ఈగలు ఇక్కడి ఈగలతో అవే పూలకు పోటీపడతాయి.

చరియ మీదినుంచి తాడుతో దిగేవాడి ప్రాణం పైన ఆ తాడు పట్టుకున్న బావమరిది చేతుల్లో ఉంటుందట. తోబుట్టువు పసుపుకుంకుమలు కోరేవాడు పట్టు సడలించడు గదా! పిల్ల ఈగలున్న భాగాన్ని వదిలి తేనె భాగాన్నే కోస్తారని కూడా ఆయన చెప్పారు.

ఇంత తెలిసిన దుకాణంవారు సీసామీద తేనె తీసిన నెల గానీ, గూడెం పేరు గానీ రాయకపోవడం పెద్ద లోటు. ఆ మాటే వారితో అన్నాను, చీటీ అంటిస్తామన్నారు. మళ్లీ వెళ్లినప్పుడు కొండ తేనే కొంటాను, ముందుగా ఆ చీటీ చూస్తాను.