పుట్టినరోజు కార్డుకి ఏది మేలు: కుందన్లా, క్విల్లింగా, చీర అంచా?

ఓ ఏడాది మే నెలలో అమ్మమ్మ 70వ పుట్టినరోజుకి కార్డు చేసి, బండి డిక్కీలో పెట్టుకుని విజయవాడ నుంచి గుంటూరు వెళ్లాను. అక్కడ కవరు తెరిస్తే కార్డు మీద మిగిలినవి నాలుగు కుందన్లు, అంటే అతికించే మెరుపు రాళ్లు. మిగతావన్నీ కవరు అడుగున గలగలమంటున్నాయి. గమ్ము కడ్డీని వేడితో కరిగించే గ్లూ గన్‌తో అతికించాను, ఆ గమ్ము ఎండ వేడికి మెత్తబడిపోయింది. ఎంత బాధేసిందో! అప్పటి నుంచి ఇంట్లో ఎవరి పుట్టినరోజు వచ్చినా ఒక్కో రకంగా చేసి చూస్తున్నాను.

కుందన్ల పని త్వరగా అవుతుంది. వన్‌టౌన్ ఫ్యాన్సీ షాపుల్లో ప్యాకెట్ల లెక్కన దొరుకుతాయి, గంటలో కార్డు తళతళలాడుతుంది. కాకపోతే గ్లూ గన్ వద్దు, బట్టల మీద స్టోన్లు అతికించే ఫ్యాబ్రిక్ గ్లూ వాడండి. గమ్ము చుక్క కాగితం మీద పెట్టి, అగరబత్తి పుల్ల కొస తడిపి దాంతో కుందన్ ఎత్తి పెడితే వేళ్లకి అంటుకోదు. రాత్రంతా కదపకుండా ఆరనివ్వాలి. ఇంకో సంగతి, లోపల రాయాల్సింది ముందే రాసేయండి. కుందన్లు అతికించాక రాయబోతే కింద ఎత్తుపల్లాలు తగిలి అక్షరాలు వంకర పోతాయి.

క్విల్లింగ్ పువ్వు అందం దానిదే. సన్నటి కాగితం పట్టీని సూదికి చుట్టి, కాస్త వదులు చేసి, ఒక కొస నొక్కితే రేకు తయారవుతుంది. అలాంటివి ఐదు కలిపితే ఒక పువ్వు. కార్డు నిండాలంటే రెండు సాయంత్రాలు పడుతుంది. అయితే పైన పుస్తకం పెడితే నలిగిపోతుంది, వానాకాలం చెమ్మకి చుట్టలు వదులవుతాయి. స్వీటు డబ్బాలో పెట్టి చేతికిచ్చేటట్టయితేనే దీని జోలికి వెళ్లండి. పోస్టులో మాత్రం పంపకండి.

నా ఓటు చీర అంచుకే. మంగళగిరి చీరలు మన పక్కనే నేస్తారు. పాత చీర చిరిగిపోయినా జరీ అంచు చాలాసార్లు గట్టిగానే ఉంటుంది. టైలర్ దగ్గర మిగిలిన ముక్కలైనా సరే. చిట్కా ఒక్కటే: కత్తిరించాక కాదు, కత్తిరించే ముందే వెనక వైపు ఫెవికాల్ పల్చగా రాసి ఆరనివ్వాలి. అప్పుడు కత్తెర పెట్టినా దారాలు ఊడిరావు. గమ్ము ఎక్కువైతే ముందువైపుకి మరకలా తేలుతుంది, అందుకే బ్రష్‌తో రాయండి. అంచు చదునుగా ఉంటుంది కాబట్టి కవరులో ఇబ్బంది లేదు, ఎండకి ఊడదు, పోస్టులోనూ పంపవచ్చు.

దేనికైనా అట్ట గట్టిగా ఉండాలి. జిరాక్స్ కాగితం మామూలుగా 70-80 జీఎస్‌ఎమ్మే (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో చెప్పే లెక్క), గమ్ము తగలగానే ముడతలు పడుతుంది. 250 పైన ఉన్న షీటు తీసుకోండి. ఏ4 షీటుని సగానికి మడిచే ముందు స్కేలు పెట్టి, ఇంకు అయిపోయిన రీఫిల్‌తో గీత గీస్తే మడత పగలకుండా తిన్నగా వస్తుంది.

ఈ ఏడాది అమ్మమ్మకి అంచు కార్డే ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకోకుండానే అంచు మీద వేలు పెట్టి తడిమి, "ఇది గృహప్రవేశం నాటి నా చీర కదే!" అంది. తర్వాత తెరిచి లోపల రాసింది చదివించుకుంది.

వచ్చే నెల అన్నయ్య కొడుక్కి ఐదేళ్లు నిండుతాయి. వాడికి మాత్రం క్విల్లింగ్‌తో నెమలి చేస్తున్నాను. రేకుల్లాంటి ఈకలు సగం అయ్యాయి, స్వీటు డబ్బా కూడా దాచి ఉంచాను.