స్కేల్‌సీన్స్ గూడ్స్ షెడ్ అట్ట కిట్: పర్లాకిమిడిలో ప్రింట్ తీయించి కట్టాక నా రివ్యూ

మాది పర్లాకిమిడి. వెనక గదిలో ఆరడుగుల బల్ల మీద మోడల్ రైలు లేఅవుట్, అంటే బొమ్మ రైలు తిరిగే చిన్న ఊరు లాంటిది, వేసుకుంటున్నాను, పట్టాలు వేసి రెండేళ్లయింది గానీ చుట్టూ ఒక్క బిల్డింగ్ కూడా లేక బోసిగా ఉండేది, ఈ ఎండాకాలం సెలవుల్లో స్కేల్‌సీన్స్ వాళ్ల గూడ్స్ షెడ్ కిట్ కొని కట్టాను, మూడు వారాలు పట్టింది. మన వైపు ఇలాంటివి కట్టేవాళ్లు తక్కువ, ఎవరైనా మొదలుపెడదాం అనుకుంటే పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నా.

ఇది డబ్బాలో వచ్చే కిట్ కాదు. ఇంగ్లండ్ వాళ్లది, డబ్బు కడితే పీడీఎఫ్ డౌన్‌లోడ్ అవుతుంది, అంతే. ఇటుక గోడలు, పైకప్పు, తలుపులు, కిటికీలు అన్నీ ఎ4 షీట్ల మీద ఉంటాయి, మనమే ప్రింట్ తీసి, అట్టకి అంటించి, కోసి కట్టుకోవాలి. మెట్‌కాఫ్ లాంటి కంపెనీలు అట్ట మీద ప్రింట్ చేసి ముక్కలు ముందే కోసి పంపిస్తాయి, ఊడదీసి అంటించుకోవడమే, ఆ సుఖం వేరు. కానీ అది అక్కడినుంచి గజపతి జిల్లా దాకా రావాలి కదా, కొరియర్ ఖర్చు, పైన కస్టమ్స్, పైగా ఒక్క గోడ పాడైతే ఇక ఆ గోడ లేనట్టే. ఇక్కడ ఆ బెంగ లేదు. గోడ పాడైతే ఇంకో షీట్ ప్రింట్ తీసుకోవడమే. నేను ఒకే గోడని నాలుగుసార్లు తీయించాను, నాలుగోసారి గానీ చెయ్యి తిరగలేదు. నాలాగ ఊళ్లో ఎవరూ నేర్పేవాళ్లు లేకుండా సొంతంగా నేర్చుకునేవాడికి ఇంతకంటే ఏం కావాలి, నా దృష్టిలో ఈ కిట్‌కి మొదటి మార్కు దీనికే.

అసలు తంటా ప్రింటింగ్ దగ్గరే వచ్చింది. ఇంట్లో ఇంక్‌జెట్ ఉంది గానీ ఆ రంగు ఫెవికాల్ తడి తగిలితే పాకిపోతుంది, అందుకని బజార్లో ఒక జిరాక్స్ షాపుకెళ్లి కలర్ లేజర్ తీయించాను. అక్కడి కుర్రాడు షీట్లు చూసి "మాస్టారూ, ఇదేటి, ఇటికల కేటలాగా?" అని అడిగాడు, చెప్తే చాలా ఇంట్రెస్ట్‌గా విన్నాడు. గోడలు ఒకరోజు, అడుగు భాగం ఇంకోరోజు తీయించాను. ఇంటికొచ్చి రెండూ కోసి పక్కపక్కన పెడితే పొడుగు గోడ దాదాపు అయిదు మిల్లీమీటర్లు పొట్టిగా ఉంది! ఎంత ఆలోచించినా అర్థం కాలేదు, నేనే తప్పు కోశానేమో అనుకున్నా. తర్వాత తెలిసిందేటంటే, మొదటిరోజు 'ఫిట్ టు పేజ్' పెట్టి తీశాడు, అది పేజీ అంచుల కోసం బొమ్మని రెండు మూడు శాతం కుదించేస్తుంది, రెండోరోజు 100 శాతం మీద వచ్చింది. మామూలు కాగితాలకి ఆ తేడా ఎవరికీ కనబడదు, ఇక్కడ మాత్రం గోడకి గోడ కలవదు. నాలుగు రోజుల పని పోయింది, బాధేసింది. ఇప్పుడు ఏం చేస్తున్నానంటే, సరిగ్గా పది సెంటీమీటర్ల గీత ఉన్న ఒక పేజీ సొంతంగా చేసి పెన్‌డ్రైవ్‌లో ఉంచుకున్నాను, ముందు అది తీయించి అక్కడే స్కేలు పెట్టి కొలిచి, పది వస్తేనే మిగతావి తీయమంటున్నాను.

అట్ట సంగతి. ఈ కిట్లకి ముఖ్యంగా రెండు మందాలు కావాలి, సుమారు ఒక మిల్లీమీటరుది, రెండు మిల్లీమీటర్లది. పుస్తకాలు బైండింగ్ చేసేవాళ్ల దగ్గర బూడిదరంగు అట్ట దొరుకుతుంది, మాకు ఇక్కడ ఒక్కో షీట్ ఒక్కో మందంలో ఉంటోంది, కాబట్టి పది ముక్కలు దొంతరగా పేర్చి స్కేలుతో కొలవండి, పది మిల్లీమీటర్లొస్తే ఒక్కోటి ఒకటి అన్నట్టు. నేను స్వీట్ బాక్స్ అట్టతో మొదలెట్టి అది వంగిపోయి వదిలేశాను.

కోయడానికి మాత్రం స్టేషనరీ కట్టర్ కొనకండి. మెడికల్ షాపులో సర్జికల్ బ్లేడ్ 11 నంబరు, దానికి 3 నంబరు హ్యాండిల్ అడగండి, మొన సూదిలా ఉంటుంది, కిటికీ మూలలు శుభ్రంగా వస్తాయి. ఒక్క దెబ్బకి తెగాలని నొక్కకూడదు, అదే గీత మీద మెల్లగా నాలుగైదుసార్లు లాగాలి. ముందు కిటికీలు కోసి ఆ తర్వాతే గోడ చుట్టూ కోయాలి, లేకపోతే సన్నటి పట్టీల దగ్గర అట్ట విరుగుతుంది. కోసిన అంచు బూడిదరంగులో కనబడుతుంది, అది వదిలేస్తే ఎంత బాగా కట్టినా అట్ట పెట్టెలాగే ఉంటుంది, ఇటుకరంగు కలర్ పెన్సిల్‌తో అంటించకముందే రుద్దెయ్యాలి. లేజర్ ప్రింట్ మడత పెట్టిన చోట రంగు పెచ్చు లేచి తెల్లగా కనబడుతుంది, దానికీ అదే పెన్సిల్. కిటికీ అద్దాలకి స్పైరల్ బైండింగ్ పైన వేసే ప్లాస్టిక్ షీట్ వాడాను, జిరాక్స్ షాపు కుర్రాడు ఒక తునక ఊరికే ఇచ్చాడు.

జిగురు గురించి ఒక్క మాట, పెద్ద షీట్‌కి ఫెవికాల్ పూస్తే మన ఉక్కపోతకి తెల్లారేసరికి అట్ట పడవలా వంగుతుంది. కాగితం అంటించడానికి గ్లూ స్టిక్, గోడలు నిలబెట్టడానికి ఫెవికాల్, రాత్రంతా పైన డిక్షనరీలు.

కట్టాక ఎలా ఉందంటే, చాలా బాగుంది. ఈ షెడ్ ఓఓ స్కేలుది, అంటే నిజం కొలతలో అడుగుకి బొమ్మలో నాలుగు మిల్లీమీటర్లు, ఆరడుగుల మనిషి 24 మిల్లీమీటర్లు ఉంటాడు, ఆ లెక్కన ఒక బొమ్మ మనిషిని షెడ్ తలుపు దగ్గర నిలబెట్టి కళ్లు పట్టాల ఎత్తుకి దించి చూస్తే, లోపలి చీకటి, కిటికీ పక్క ఇటుక మందం, చూరు కింద నీడ, అది కాగితం అని గుర్తుకే రాదు. నీడ ప్రింట్ కాదు, అట్ట పొరలు పొరలుగా అంటించడం వల్ల నిజంగా పడే నీడ, అదే ఈ డిజైన్లో గొప్పతనం.

మా నాన్న కుర్చీ లాక్కుని చాలాసేపు చూశారు. చూసి, "బాగుందిరా, కానీ ఇటిక బయటికి కనబడేలా మన ఊళ్లో ఎవరు కడతారు, సున్నం కొట్టాలి కదా" అన్నారు. నిజమే. ఇది బ్రిటన్ రైల్వే షెడ్డు, మన స్టేషన్ కాదు. ఆయన మాట పట్టుకునే ఆలోచన మొదలైంది. మన నౌపడ లైను, 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలు, 1931 కల్లా గుణుపురం దాకా వెళ్లింది, 2004లో ఆగి, పట్టాలు మార్చి, 2011 కల్లా పెద్ద రైలు గుణుపురం చేరింది. నాన్న ఆ చిన్న రైల్లో ఎన్నోసార్లు గుణుపురం వెళ్లారు. దాని గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 762 మిల్లీమీటర్లు. ఓఓ స్కేల్లో లెక్కేస్తే సరిగ్గా పది మిల్లీమీటర్లు, అడుగుకి మూడున్నర మిల్లీమీటర్లుండే హెచ్ఓ స్కేల్లో అయితే దాదాపు 8.8, మార్కెట్లో దొరికే ఎన్ గేజ్ అనే సన్న మోడల్ పట్టా వెడల్పు 9. అంటే మన చిన్న రైలుకి ఎన్ గేజ్ పట్టా హెచ్ఓ స్కేల్లో చక్కగా సరిపోతుంది! ఈ లెక్క కుదిరిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందుకే కొనమనే చెప్తాను. షెడ్డు మన ఊరిది కాకపోయినా గోడ ఎలా పొరలుగా కట్టాలో, కిటికీ ఎలా లోపలికి నొక్కినట్టు రావాలో, మూల దగ్గర ఇటుక వరస ఎలా తిప్పాలో చేతికి నేర్పేది ఇదే, ఆ పద్ధతితో మనది మనం గీసుకోవచ్చు. మా వీధి చివర పాత సున్నం గోడ ఉంది, వానకి చారలు పడి నాచు పట్టి ఉంటుంది, పొద్దున్నే ఎండ ఎక్కకముందు దాని ఫొటోలు తీసి షీట్‌గా చేశాను. నాటు పెంకులకి మాత్రం ప్రింట్ చాలదు, అవి గుండ్రంగా లేవాలి, పిల్లల ప్రాజెక్టులకి అమ్మే సన్న ముడతల అట్ట మీద రంగు వేసి చూస్తున్నా. గోడ మొదటి ప్రింట్‌లో సున్నం నీలంగా వచ్చింది, సోమవారం మళ్లీ షాపుకెళ్లాలి.