కర్నూలులో టాటూ తీయించుకోవాలంటే: దేనికి డబ్బు పెట్టొచ్చు, దేనికి వద్దు

టాటూ వద్దనిపించేది ఎక్కువగా పెళ్లి కుదిరినప్పుడు, లేదంటే కేంద్ర సాయుధ బలగాల్లో కానిస్టేబుల్ ఉద్యోగాలకు ఎస్సెస్సీ జీడీ నోటిఫికేషన్ పడినప్పుడు. రెండూ తొందర పనులే. లేజరేమో నిదానంగా నడిచే వ్యవహారం. సిట్టింగుకూ సిట్టింగుకూ మధ్య ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి. ఎనిమిది సిట్టింగులు పట్టే టాటూకు దాదాపు ఏడాది పడుతుంది. "నెలలో క్లీన్" అని బోర్డు పెట్టిన చోట మెట్లెక్కకండి.

ఉద్యోగం కోసమైతే ముందు అసలు తీయించాలో లేదో చూసుకోండి. కేంద్ర సాయుధ బలగాల వైద్యపరీక్ష నియమాల్లో ఎడమ ముంజేయి లోపలివైపు, అరచేతుల వెనకవైపు టాటూకు అనుమతి ఉంది. పేరైనా, దేవుడి గుర్తైనా ఫరవాలేదు, కాకపోతే ఆ భాగంలో నాలుగో వంతుకు లోపే ఉండాలి. కుడి ముంజేయికి ఈ వెసులుబాటు లేదు, సెల్యూట్ కొట్టే చెయ్యి గనక. మీ నోటిఫికేషన్‌లో ఈ పేరా ఒకసారి చదివితే కొందరికి ఖర్చే తప్పుతుంది.

ఇక లేజర్. ఊళ్లోని స్కిన్ క్లినిక్‌లలో సాధారణంగా ఉండేది క్యూ-స్విచ్డ్ ఎన్‌డీ యాగ్ యంత్రం. కార్బన్ పీల్ అని ముఖానికి చేసేదీ దీంతోనే. ఇందులో రెండు తరంగదైర్ఘ్యాలుంటాయి. 1064 నానోమీటర్లది నలుపు, ముదురు నీలం రంగులకు. 532ది ఎరుపు, నారింజ రంగులకు. నల్ల అక్షరాలు, తేళ్లు, శూలాలు, అమ్మానాన్నల పేర్లు, వీటికి 1064 చాలు. హైదరాబాదుదాకా పోనక్కర్లేదు. మన చామనఛాయకూ, నల్లటి ఒంటికీ ఇదే క్షేమం కూడా. 532ను చర్మంలోని మెలనిన్ కూడా బాగా పీల్చుకుంటుంది, అందుకే దాంతో తెల్లమచ్చలు పడే భయం ఎక్కువ. ఆకుపచ్చ, ఆకాశనీలం రంగులకు ఈ యంత్రం దాదాపు పని చెయ్యదు. వాటికి 755 నానోమీటర్ల అలెగ్జాండ్రైట్ లేజర్ కావాలి, వెలుగు ఇంకా తక్కువసేపు తగిలే పికో యంత్రాల్లో కొన్నిటిలో అది ఉంటుంది. రంగురంగుల నెమలి పింఛం వేయించుకున్నవాళ్లు కర్నూలులో ప్యాకేజీ కట్టేకంటే హైదరాబాదు బస్సెక్కడం మేలు. అనంతపురం వాళ్లకు బెంగళూరు ఉంది.

క్లినిక్‌లో అడగాల్సింది డాక్టరు పేరు తర్వాత యంత్రం పేరే. వెంట్రుకలు తీసే డయోడ్ లేజర్‌తోనో, ఐపీఎల్ అనే ఫ్లాష్ వెలుగు యంత్రంతోనో టాటూ తీస్తామంటే లేచి వచ్చేయండి. టాటూ సిరాను పగలగొట్టాలంటే వెలుగు సెకనులో వందకోట్లో వంతు లెక్కన తగిలి ఆగిపోవాలి. ఆ యంత్రాల వెలుగు వెయ్యో వంతుల లెక్కన నిలబడుతుంది. సిరా పగలదు, వేడి చుట్టూ పాకి చర్మం కాలుతుంది. మిగిలేది టాటూ ఆకారంలోనే మచ్చ. ఆన్‌లైన్‌లో పికో పేరుతో అమ్మే చిన్న పెన్నులదీ ఇదే కత.

సిట్టింగు ఎలా నడవాలంటే: మత్తు క్రీము మందంగా పూసి, పైన ప్లాస్టిక్ కవరు చుట్టి గంటసేపు ఉంచాలి. పది నిమిషాలకే తుడిచేస్తే అది పూసి లాభం లేదు. గదిలో ఉన్నవాళ్లందరికీ ఆ తరంగదైర్ఘ్యం అంకె రాసి ఉన్న కళ్లద్దాలు ఉండాలి, మామూలు చలువ అద్దాలు కాదు. వెలుగు తగిలిన చోట చర్మం తెల్లగా పొంగి, కొద్ది నిమిషాల్లో మామూలవుతుంది. అది సరైన గుర్తు. వెంటనే రక్తం చుక్కలు తేలితే శక్తి ఎక్కువైనట్టు, తగ్గించమని అడగండి. మరునాడు బొబ్బలు రావచ్చు, చిదమొద్దు. సబ్బుతో మెల్లగా కడిగి, వ్యాసెలిన్ రాసి, అంటుకోని గాజుగుడ్డ కట్టాలి. పైపొర మానాక సన్‌స్క్రీన్ రాయాలి, నిండు చేతుల చొక్కా ఇంకా నయం. కర్నూలు ఎండల్లో ఏప్రిల్, మే నెలల్లో మొదలుపెట్టడం తెలివైన పని కాదు. దసరా తర్వాత మొదలుపెడితే చలికాలంలో మూడు సిట్టింగులు అయిపోతాయి.

ఎన్ని సిట్టింగులో మొదటి రోజే ఖాయంగా చెప్పేవాళ్లను నమ్మలేం. భుజం, వీపు త్వరగా వెలుస్తాయి. మణికట్టు, చీలమండ ఆలస్యం, రక్తప్రసరణ తక్కువ కాబట్టి. సిగరెట్టు తాగేవాళ్లకు ఇంకా ఆలస్యం. తిరునాళ్లలో పొడిపించుకున్నది పలచటి నల్ల సిరా గనక స్టూడియో టాటూకంటే తొందరగా పోతుంది. కాకపోతే సూది లోతు ఒక్క తీరుగా ఉండదు, కొన్ని గీతలు మొండికేస్తాయి. అందుకే ప్యాకేజీ మొత్తం ముందే కట్టొద్దు. సిట్టింగుకింత అని మాట్లాడుకుని, మొదట చిన్న ముక్క మీద పరీక్ష చేయించుకోండి. తెలుపు, లేతగులాబీ సిరాలకు ఈ పరీక్ష తప్పనిసరి, లేజర్ తగిలితే అవి ఒక్కోసారి నల్లబడతాయి. ఎరుపు సిరా దగ్గర దురద, వాపు ఉంటే లేజర్ వద్దు, అలర్జీ ఒళ్లంతా తిరగబెట్టే ప్రమాదముంది.

డబ్బుకు తగ్గ పని మాత్రం మాకు మధ్యేమార్గంలోనే కనబడుతుంది. రెండు మూడు సిట్టింగులు చేయించి, రంగు వెలిశాక రెండు నెలలైనా ఆగి, పైన కొత్త బొమ్మ వేయించుకోవడం. నేరుగా కవర్ అప్ వేస్తే కొత్తది పాతదానికి రెండు మూడింతలవుతుంది, ముదురు రంగు తప్ప నిలవదు. యూనిఫాం ఉద్యోగాలవాళ్లకు మాత్రం ఇది పనికిరాదు, కొలత పెరుగుతుంది కదా.

అంగుళం లోపు టాటూ అయితే ప్లాస్టిక్ సర్జన్ ఒక్కరోజులో కోసి కుట్లు వేస్తారు. సన్నటి గీత మిగులుతుంది. ఛాతీ మీద, భుజం మీద కీలాయిడ్ (గాయం మానాక ఉబ్బి పెరిగే మచ్చ) వచ్చే తత్వం ఉంటే ఈ దారి పట్టొద్దు.

సున్నం, యాసిడ్ క్రీములు, ఉప్పుతో రుద్దడం: సున్నా మార్కులు. సిరా ఉండేది పైపొర కింద. అక్కడిదాకా కాల్చితే టాటూ పోయి కాలిన మచ్చ మిగులుతుంది.

టాటూలో పుట్టుమచ్చ ఉంటే దాన్ని వదిలి లేజర్ చెయ్యమని ముందే చెప్పండి. ఆ మచ్చ రంగు ఈమధ్య మారి ఉంటే, లేజర్ కంటే ముందు పెద్దాసుపత్రి చర్మవ్యాధుల ఓపీలో చూపించుకోండి.