పదేళ్లు సైప్రస్ మొక్కలతో: ఏవి నిలిచాయి, ఏవి మే నెలకే పోయాయి

మా ఇల్లు శంషాబాద్ దాటాక వస్తుంది. 267 గజాల ప్లాటు. ఇల్లు, కారు, బోరు అన్నీ పోగా మొక్కలకు మిగిలింది ప్రహరీ వెంట ఒక సన్నటి పట్టీ, గేటుకు అటూ ఇటూ కాస్త జాగా. 2015 ఆగస్టులో గృహప్రవేశమైన వారానికే నర్సరీ మీద పడ్డాం. సైప్రస్ అంటే ఏడాదంతా పచ్చగా ఉండే అలంకారపు చెట్టు. అప్పటినుంచి దాని చుట్టాలతో కలిపి ఐదు రకాల సైప్రస్‌లు, మొత్తం 26 మొక్కలు పెట్టాను. ఇవాళ బతికున్నవి 16. పోయిన పదింటిలో ఆరు ఒకే రకం. ముందు దాని సంగతే చెప్తాను, ఎందుకంటే నర్సరీకి వెళ్లిన ఎవరికైనా మొదట కన్ను పడేది దాని మీదే.

గోల్డెన్ సైప్రస్ అని అమ్ముతారు, కొన్నిచోట్ల లెమన్ సైప్రస్ అంటారు. అసలు పేరు గోల్డ్‌క్రెస్ట్. పండబోతున్న నిమ్మకాయ రంగు. కింద వెడల్పు, పైకి పోయేకొద్దీ కోసుగా, ఎవరో కూర్చుని దువ్వినట్టు ఉంటుంది. అరచేత్తో నిమిరితే నిమ్మతొక్క గిల్లిన వాసన. మూడడుగుల మొక్క అప్పట్లో 450 రూపాయలు. ఆరు తీసుకున్నాం. ఆటో ట్రాలీలో ఎక్కిస్తున్న కుర్రాడు గొంతు తగ్గించి, "మేడమ్, ఇది చల్లటి జాగల మంచిగుంటది. ఎండలకు ఆగదు" అన్నాడు. ఓనరుకు వినపడకుండా చెప్పాడు పాపం. వినపడింది మాకే, వినిపించుకోనిదీ మేమే.

అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా మా గేటు ముందు ఆగి ఫోటో దిగనివాళ్లు లేరు. మార్చి చివర్లో లోపలి ఆకు గోధుమరంగుకు తిరిగింది. నీళ్లు చాలడం లేదనుకుని రోజూ పోశాను. ఇంకా పెరిగింది. అప్పుడు ఒక కొమ్మ కింద తెల్లకాగితం పట్టి రెండు దెబ్బలు కొట్టాను. కాగితం మీద కారప్పొడి రాలినట్టు సన్నటి చుక్కలు పడ్డాయి. కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే ఆ చుక్కలు నడుస్తున్నాయి. ఎర్రనల్లి. వంగ, బెండ వేసేవాళ్లకు బాగా తెలిసిన పీడే. గాలి పొడిగా, వేడిగా ఉంటే దానికి పండగ. గొట్టంతో ఫోర్సుగా నీళ్లు కొడితే కొంత తగ్గింది. అక్కడ ఆగితే బాగుండేది. ఆగకుండా నీటిలో కరిగే గంధకం తెచ్చి మధ్యాహ్నం పూట కొట్టాను. అంత ఎండలో గంధకం పడితే ఆకు మాడుతుందని తర్వాత తెలిసింది. చివుళ్లన్నీ కాలిన అగరువత్తుల్లా అయ్యాయి. జూన్ వానలకు ఆరింటిలో రెండు మిగిలాయి. వాటిని కుండీల్లోకి మార్చి, తూర్పు వరండాలో పెట్టి, పసిపిల్లల్లా చూసుకున్నాను. చివరిది 2018 మేలో పోయింది.

దీని సొంతూరు కాలిఫోర్నియాలోని మాంటెరే సముద్రతీరం. అక్కడ కూడా సహజంగా పెరిగేది సైప్రస్ పాయింట్, పాయింట్ లోబోస్ అనే రెండు చోట్లే. వేసవిలోనూ సముద్రం మీంచి పొగమంచు వచ్చి కమ్ముకునే చోటు. ఆ జాతిలోంచి ఇంగ్లండ్‌లో తీసిన పసుపురంగు రకం ఈ గోల్డ్‌క్రెస్ట్. దాన్ని తెచ్చి 42 డిగ్రీల ఎండలో, సాయంత్రం ఏడింటికి కూడా వేడి కక్కే ప్రహరీ గోడ పక్కన నిలబెట్టాను. బెంగళూరులో మా ఆడపడుచు ఇంట్లో ఇదే రకం ఏడేళ్లుగా దివ్యంగా ఉంది. "నీ చెయ్యి మంచిది కాదు వదినా" అని ఏడిపిస్తుంది. చెయ్యి కాదు, ఊరు. వాళ్లున్నది తొమ్మిది వందల మీటర్ల ఎత్తున, మేమున్నది దాదాపు ఆరు వందల మీటర్ల ఎత్తున. హైదరాబాద్‌లోనే కష్టమంటే విజయవాడ, రామగుండం లాంటి చోట్ల చెప్పక్కర్లేదు. నవంబరులో కొని మార్చి దాకా చూసుకునే పూలగుత్తి అనుకుంటే కొనుక్కోండి. చెట్టు అనుకుని మాత్రం కొనొద్దు.

ఇక థూజా. నిజం చెప్పాలంటే మొదట్లో దీన్ని కొనడం నాకు నామోషీగా ఉండేది. ప్రతి బడిలో, ప్రతి ఎమ్మార్వో ఆఫీసు ముందు ఉండే మొక్క. మేం చిన్నప్పుడు నెమలీక పక్కన దీని ఆకునూ పుస్తకంలో దాచుకునేవాళ్లం, చదువు వస్తుందని. అచ్చమైన సైప్రస్ కాదు గానీ ఆ కుటుంబంలోదే. థూజా ఓరియంటాలిస్ అనేవారు, ఇప్పుడు శాస్త్రజ్ఞులు ప్లాటిక్లేడస్ అని పేరు మార్చారు. నర్సరీవాళ్లు మార్చలేదు, మార్చరు కూడా. గుర్తుపట్టడం తేలిక. ఆకుల రెమ్మలు నేలకు సమాంతరంగా పరుచుకోవు, పుస్తకంలో కాగితాల్లా నిలువుగా నిలబడతాయి. కాయ గోలీ అంత ఉంటుంది, లేతగా ఉన్నప్పుడు బూడిద పూసిన నీలిరంగు, పైన చిన్న చిన్న కొమ్ములు వంకర తిరిగి ఉంటాయి. చైనా చెట్టు ఇది. 1987 నుంచి బీజింగ్ నగర వృక్షాల్లో ఒకటి. అక్కడి గడ్డకట్టే చలినీ, మన ఎండనీ ఒకేలా భరిస్తుంది.

2016 సంక్రాంతికి రాజమండ్రి వెళ్లినప్పుడు కడియపులంకలో ఆగి 14 తెచ్చాను, ఒక్కోటి 80 రూపాయలు. కడియం మొక్కలు తెచ్చుకునేవాళ్లకు ఒక మాట. అక్కడ వేళ్ల చుట్టూ బంకమట్టి ముద్ద కడతారు. లారీ ప్రయాణానికి అది మంచిదే. మా నేల ఎర్రటి ఇసుక చెలక. ఆ ముద్దను అలాగే పాతిపెడితే పోసిన నీళ్లు చుట్టూ ఇసుకలోంచి జారిపోతాయి, ముద్ద మాత్రం ఎండి ఇటుకవుతుంది. పైకి నేల తడిగానే కనిపిస్తుంది, మొక్క దాహంతో ఉంటుంది. మొదటి మొక్కను తిరిగి తవ్వి చూశాక గానీ నాకిది తెలియలేదు. మిగతావాటిని బకెట్‌లో రాత్రంతా నానబెట్టి, వేళ్లు తెగకుండా బయటి మట్టి వేళ్లతో రాల్చి నాటాను. మొదటి రెండేళ్లు వారానికి రెండుసార్లు బాగా లోపలికి దిగేలా నీళ్లు. ఇప్పుడు ఎండాకాలంలో వారానికోసారి. రెండడుగుల మొక్కలు పదడుగులయ్యాయి. 12 ఉన్నాయి. ఒకటి చెదలకు పోయింది. ఇంకొకదాని కథ వేరు.

ఆ కథ కత్తెరది. మా మాలి పనిమంతుడే, కానీ చేతిలో ఉన్న కత్తెర డురంటా కంచెకు అలవాటు పడింది. డురంటా, నూరువరహాలు మోడు చేసినా మళ్లీ చిగురిస్తాయి. ఈ జాతి అలా కాదు. పచ్చ ఆకు ఉన్నంతమేరే కత్తిరించాలి. పచ్చ దాటి లోపలి గోధుమరంగు కొమ్మలోకి కత్తెర దిగితే అక్కడ మళ్లీ చిగురు రాదు. 2019లో నేను ఊరెళ్లి వచ్చేసరికి చివరి మొక్కను చదరంగా చెక్కేశాడు. "మళ్లొస్తదమ్మా, వానలు పడనియ్యుండ్రి" అన్నాడు. వానలు పడ్డాయి, అది రాలేదు. ఏడాది ఆ ఎండుకట్టెను చూసి చూసి పీకేయించాను.

అదే ఏడాది దీపావళికి ఇంకొకటి. మావారు చిచ్చుబుడ్డిని గోడకు దగ్గరగా పెట్టారు. ఒక రవ్వ ఐదో మొక్కలో దూరింది. ఈ చెట్లు బయట ఎంత పచ్చగా ఉన్నా లోపల ఎండు ఆకు గూడు కట్టి ఉంటుంది, పైగా నూనె ఉన్న ఆకు. పోపులో ఆవాలు వేసినట్టు చిటపటమంది, రెప్పపాటులో మనిషెత్తు మంట. గొట్టం దగ్గరే ఉంది కాబట్టి సరిపోయింది. చెట్టు బతికింది. కానీ కాలినవైపు ఇన్నేళ్లయినా బోడిగానే ఉంది, కారణం పైన చెప్పిందే. ఇప్పుడు ఏటా దసరాకల్లా చేతులు పెట్టి లోపలి ఎండు ఆకు దులిపేస్తాం, రెండు గోనెసంచులు వస్తుంది. టపాసులు రోడ్డవతలే.

నేను చేసిన ఇంకో తప్పు దూరం. కంచె త్వరగా కమ్ముకోవాలని రెండడుగులకొకటి పెట్టాను. కమ్ముకుంది గానీ ఒకదానికొకటి ఆనుకున్న వైపు వెలుతురు లేక ఎండిపోయింది. మూడున్నర అడుగులు వదలాల్సింది. ఇప్పుడు మధ్యలోంచి ఒకటి తీస్తే కిటికీ పెట్టినట్టు ఖాళీ కనిపిస్తుంది, అందుకే తీయలేక ఊరుకున్నాను.

ఇటాలియన్ సైప్రస్ రెండు పెట్టాను, గేటుకు ఇరువైపులా. పెన్సిల్‌లా సన్నగా ఎదిగేది. నర్సరీలో అడిగితే ముందు "సర్వి మొక్కనా?" అన్నారు. మన దగ్గర సర్వి అంటే సరుగుడు, ఫారసీలో సర్వ్ అంటే సైప్రస్. మా అత్తయ్య టీవీలో ఎక్కడో చూసి, ఆ దేశాల్లో శ్మశానాల్లో వేస్తారట కదే, గేటు ముందెందుకు అన్నారు. తాజ్‌మహల్ ముందు కూడా ఇవే కదా అత్తయ్యా అన్నాను. "అదీ సమాధే" అన్నారు. ఇక మాట్లాడలేదు.

ఎండ దీనికి సమస్య కాలేదు, మధ్యధరా ప్రాంతపు చెట్టు కదా. సమస్య నీళ్లు. అక్కడ వాన చలికాలంలో, ఎండాకాలం పొడి. మనకు సరిగ్గా తలకిందులు. 2020 అక్టోబరులో హైదరాబాద్‌ను ముంచిన వానలకు గేటు ఎడమవైపు నాలుగు రోజులు నీళ్లు నిలిచాయి. నీళ్లు పోయాక చూస్తే చెట్టు పచ్చగా ఉంది, గండం గడిచిందనుకున్నాను. నవంబరంతా పచ్చగానే ఉంది. డిసెంబరు మొదటివారంలో రంగు తగ్గి, పదిరోజుల్లో తలనుంచి కిందిదాకా రాగిచెంబు రంగయింది. పీకితే వేళ్లు నల్లగా, తడిసిన తాడులా చేతిలోకి వచ్చాయి. అది అక్టోబరులోనే చచ్చిపోయింది, మాకు చెప్పడానికి రెండు నెలలు తీసుకుంది. ఈ జాతి మొత్తానికీ ఉన్న గుణమిది. తులసి సాయంత్రానికే వాలిపోయి దాహమని చెప్తుంది. సైప్రస్ చెప్పదు. గోధుమరంగు కనిపించాక మందులు కొట్టడం, ఎరువు వేయడం డబ్బు దండగ. కుడివైపుది కాస్త ఎత్తు మీద ఉంది, బతికింది. ఇప్పుడు పద్నాలుగడుగులు. ఒంటరిగా, ఒక పక్క మీసం గీసేసినట్టుంటుంది మా గేటు.

బ్లూ సైప్రస్ ఒకటే ఉంది, అరిజోనా రకం. 2019లో కొండప్రాంతపు నర్సరీ ఒకటి కొరియర్లో పంపింది. వెండిపూత పూసిన నీలం, నా దగ్గరున్న వాటిలో అందం దీనిదే. ఎండకు చలించలేదు. నల్లి వస్తుందేమోనన్న టెన్షన్‌తో ముందుజాగ్రత్తగా వేపనూనె కొట్టాను. మర్నాటికి నీలం మాయం, మామూలు ఆకుపచ్చ! ఆ నీలం ఆకు మీద ఉండే సన్నటి మైనపు పొర వల్ల వస్తుంది, నూనె దాన్ని కరిగించేస్తుంది. కొత్త చిగుళ్లు నీలంగా వచ్చేదాకా ఎనిమిది నెలలు రెండు రంగుల చెట్టుతో గడిపాను. వానాకాలం కొంచెం డీలా పడుతుంది, గాలికి ఒరుగుతుంది, కర్ర కట్టాలి. ఇదే కుటుంబంలోని జునిపర్ మూడు పెడితే రెండున్నాయి. గుచ్చుకుంటుంది. అంతకుమించి చెప్పడానికేం లేదు.

మా తమ్ముడు అట్లాంటాలో ఉంటాడు. పక్కింటివాళ్ల కిటికీ కనపడకుండా పెరటి వెంట లేలాండ్ సైప్రస్ వేశాడు. వేల్స్‌లో 1888లో రెండు సైప్రస్ జాతులు వాటంతటవే కలిసి పుట్టిన సంకరం అది. ఏడాదికి మూడడుగులు లేస్తుంది. బ్రిటన్‌లో ఈ కంచెల వల్ల ఇరుగుపొరుగు గొడవలు ముదిరి, రెండు మీటర్లు దాటిన సతతహరిత కంచెల మీద ఫిర్యాదుకు 2003లో ఏకంగా చట్టమే చేశారు. తమ్ముడికి గొడవలు రాలేదు, తెగులొచ్చింది. వరసగా రెండు వేసవులు వాన లేక చెట్లు నీరసించాక, ఒక్కో కొమ్మ ఇటుకరంగుకు తిరుగుతూ, బెరడు పగిలి బంక కారుతూ వచ్చింది. దానికి మందు లేదు, ఎండిన కొమ్మ కోసేయడమే. "అక్కా, ఏడేళ్లకు పెరిగినవి రెండేళ్లలో పోయాయి" అన్నాడు. ఇప్పుడు వాటి స్థానంలో గ్రీన్ జయంట్ అనే థూజా వేసుకున్నాడు. సముద్రం అవతల కూడా చివరికి థూజాయే దిక్కయిందని నవ్వుకున్నాం.

మార్కులు వేయమంటే థూజాకు పదికి ఎనిమిది, అరిజోనాకు ఏడు, నీళ్లు నిలవని చోటుంటే ఇటాలియన్‌కూ ఏడు, గోల్డ్‌క్రెస్ట్‌కు అందానికి పది, కాపురానికి ఒకటి. కొనేటప్పుడు నేనిప్పుడు చూసేది రెండే. ఆకును పక్కకు తప్పించి లోపల ఎంత దూరం దాకా పచ్చగా ఉందో చూస్తాను. కవరు కింద వేళ్లు గుండ్రంగా చుట్టుకుపోయి ఉంటే వదిలేస్తాను, ఎంత పొడుగు మొక్కయినా. ఫిబ్రవరిలో కొనను. వానాకాలం మొదట్లో నాటితే ఎండాకాలం లోపు వేళ్లు దిగడానికి ఏడెనిమిది నెలలు దొరుకుతాయి.

ఈసారి థూజా కంచె కత్తిరింపు వాయిదా పడింది. తొమ్మిదో మొక్కలో మునియా పిట్టలు బంతి అంత గడ్డి గూడు కట్టాయి, పక్కకు చిన్న దారి. మాలి కత్తెర పట్టుకొచ్చి, గూడు చూసి తనే వెనక్కి వెళ్లాడు.

పోయిన నవంబరులో మావారు నాకు చెప్పకుండా మళ్లీ ఒక గోల్డెన్ తెచ్చారు. 1,200 రూపాయలట. ఏమీ అనలేదు, నాకూ ఆ వాసన ఇష్టమే. మార్చి నుంచి ఉత్తరంవైపు గోడ నీడలో ఉంది, రోజూ పొద్దున్నే గొట్టంతో స్నానం. ఈ ఉదయం కింద తెల్లకాగితం పట్టి రెండు దెబ్బలు కొట్టాను. ఐదారు చుక్కలు పడ్డాయి. అందులో మూడు నడిచాయి.