మద్రాసా, వాల్తేరా: గొప్పవాళ్ల పేర్లు చూసి సీటు ఎంచుకోవచ్చా?

మా అక్క కూతురు అమలాపురంలో డిగ్రీ పూర్తిచేసింది. స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేస్తానని పట్టుబట్టింది. మద్రాసు యూనివర్సిటీకి అప్లై చేసింది, ఆంధ్రా యూనివర్సిటీ కోసం పీజీసెట్టూ రాసింది. అది వైజాగ్‌లో వాల్తేరులో ఉంది కాబట్టి మాకది వాల్తేరే. రెండు చోట్లా వచ్చేలా ఉంది. ఇంకేం, ఇంట్లో రెండు పార్టీలు తయారయ్యాయి.

బావగారిది మద్రాసు పార్టీ. "సి.వి. రామన్ చదివిన యూనివర్సిటీ అది. సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ చదివాడు. రాధాకృష్ణన్ చదివాడు. ఇద్దరు నోబెల్‌వాళ్లు, ఒక రాష్ట్రపతి. నీ వాల్తేరులో ఎవరున్నారు చెప్పు?" అని నన్ను నిలదీశారు. అక్కకి ఈ పేర్లతో పనిలేదు. "హాస్టల్లో పెరుగు పోస్తారా?" అన్నదే దాని ప్రశ్న.

ముందే చెప్పేస్తాను, నా ఓటు వాల్తేరుకే. అయితే పేర్లు లెక్కపెట్టి వేసిన ఓటు కాదిది. లెక్కపెడితే మద్రాసే గెలుస్తుంది. అది 1857లో పుట్టింది, ఆంధ్రా యూనివర్సిటీ 1926లో. అరవై తొమ్మిదేళ్లు ముందు పుట్టినవాళ్లకి మనవలు ఎక్కువుంటారు, అందులో వింతేముంది?

అసలు "ఫలానా యూనివర్సిటీలో చదివాడు" అన్న మాటే మన వైపు కొంచెం తిరకాసు వ్యవహారం. మా ఇంటి హాల్లో తాతగారి డిగ్రీ పటం ఒకటుంది. 1924 నాటిది. కింద ఒక మూల చెద తినేసింది, మిగతాదంతా ఇంకా బాగానే కనిపిస్తుంది. పైన పెద్ద అక్షరాల్లో మద్రాసు యూనివర్సిటీ అని ఉంటుంది. తాతగారు చదివింది మాత్రం రాజమండ్రిలో. మద్రాసులో ఒక్క క్లాసు కూడా వినలేదు. అప్పట్లో ఇక్కడి కాలేజీలన్నీ దాని కిందే ఉండేవి. నాన్నగారు, నేను చదివింది అమలాపురంలో, మా పట్టాల మీద ఉన్నది ఆంధ్రా యూనివర్సిటీ. ఈ పిల్లా అమలాపురంలోనే చదివింది, దాని పట్టా మీద ఆదికవి నన్నయ యూనివర్సిటీ అని వచ్చింది, 2006లో గోదావరి జిల్లాల కోసం అది పెట్టారు కాబట్టి. ఉన్న ఊరు వదలకుండానే మా ఇంట్లో మూడు యూనివర్సిటీల పేర్లు పోగయ్యాయి. గొప్పవాళ్ల జాబితాల్లో కూడా ఇలాంటి పేర్లు బోలెడుంటాయి.

అందుకని నేను వేరే ప్రశ్న వేసుకున్నాను. మన గోదావరి డెల్టా నుంచి వెళ్లినవాళ్లకి ఆ యూనివర్సిటీ ఏం చేసింది?

మద్రాసు వైపు మన పెద్ద పేరు యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టారు. రాజమండ్రిలో చదువు సాగలేదు, మద్రాసు వెళ్లి మెట్రిక్ మూడోసారికి గట్టెక్కారు. ప్రెసిడెన్సీ కాలేజీ, ఆ తర్వాత మద్రాసు మెడికల్ కాలేజీ. గాంధీగారి పిలుపు విని ఖద్దరు కోటు వేసుకుని ఆపరేషన్ థియేటర్‌లోకి వెళ్లారు. సర్జరీ ప్రొఫెసర్ తెల్లదొర, ఆయనకి అది నచ్చలేదు. రాత పరీక్షలన్నీ బాగానే రాసినా చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికంటే తక్కువైన ఎల్ఎంఎస్ పట్టా. మామగారు పోగుచేసిన డబ్బుతో, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ చారిటీస్ ఇచ్చిన భరోసాతో అమెరికా వెళ్లారు. బోస్టన్‌లో ఆసుపత్రిలో రాత్రిపూట కూలిపని చేస్తూ హార్వర్డ్‌లో చదివారు. హార్వర్డ్ డాక్టరేట్ ఇచ్చింది గానీ ఉద్యోగం ఖాయం చెయ్యలేదు. లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లి ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్, క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్, హెట్రజాన్ పనులు అక్కడ నడిపించారు.

హెట్రజాన్ అంటే తెలియకపోవచ్చు. మన ఊళ్లలో బోదకాలు మాత్రలని పంచేవారే, డీఈసీ, అదే. ఆశా కార్యకర్త గుమ్మంలో నిలబడి "నా ముందే మింగండమ్మా" అనేది గుర్తుందా? మా నాయనమ్మకి ఒక కాలు ఏనుగు కాలంత ఉండేది, చీర కుచ్చిళ్లు ఎప్పుడూ ఆ కాలు కప్పేలా దింపుకునేది. భీమవరంలో పుట్టినాయన చేయించిన మందు గోదావరి జిల్లాల ఇంటింటికీ తిరిగొచ్చింది. సుబ్బారావుగారి పేరు మద్రాసు తన జాబితాలో రాసుకోవచ్చు, హార్వర్డ్ కూడా రాసుకోవచ్చు. కానీ ఒకరు తక్కువ పట్టా ఇచ్చారు, ఇంకొకరు కుర్చీ ఇవ్వలేదు. ఇది చూసి "మద్రాసు గొప్ప" అని సీటు తీసుకుంటామా?

వాల్తేరుది ఇంకో కథ. అక్కడా తలుపు బార్లా తెరిచి లేదు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ రాజమండ్రిలో 1909లో పుట్టారు. 1923 కాకినాడ కాంగ్రెస్ అప్పుడు ఎగ్జిబిషన్ గేటు దగ్గర టికెట్ లేదని నెహ్రూనే ఆపిన పిల్ల ఆవిడే. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లి వచ్చాక, ప్రైవేటుగా చదువుకుని బెనారస్ నుంచి మెట్రిక్ పాసయ్యారు. తర్వాత వాల్తేరులో బీఏ చదువుతానంటే, ఆడపిల్లలకి హాస్టల్ లేదు, చేర్చుకోలేమన్నారు వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డిగారు. ఆవిడ పేపర్లో ప్రకటన వేయించి, చదువుకోవాలనుకునే అమ్మాయిల్ని పోగుచేసి, తామే హాస్టల్ పెట్టుకున్నారు. ఇక వద్దనడానికి ఆయన దగ్గర కారణం లేకపోయింది. రాజనీతిశాస్త్రంలో బీఏ, ఎంఏ అక్కడే చేశారు. లా మాత్రం మద్రాసులో, 1942లో. ఆ తర్వాత రాజ్యాంగ సభ.

ఈవిడ రెండు జాబితాల్లోనూ ఉన్నారు, అందుకే నాకు ఈవిడ సాక్ష్యమే ఎక్కువ. రాజమండ్రిలో పుట్టి ఒంటరిగా చదువుకి బయల్దేరిన ఆడమనిషి మద్రాసు కంటే ముందు వాల్తేరు తలుపే కొట్టింది. మా అక్క పెరుగు ప్రశ్నకి నేను నవ్వాను గానీ, దుర్గాబాయిగారి చదువు కూడా హాస్టల్ దగ్గరే ఆగిపోబోయింది కదా.

స్టాటిస్టిక్స్ అంటే వెంటనే సి.ఆర్. రావుగారి పేరు చెప్తారు. ఈ విషయంలో మా వాల్తేరు పార్టీవాళ్లు కూడా కొంచెం ఎక్కువ మాట్లాడతారు. ఆయన వాల్తేరులో చేసింది లెక్కల పీజీ. స్టాటిస్టిక్స్ ఎంఏ కలకత్తాలో 1943లో, డాక్టరేట్ కేంబ్రిడ్జ్‌లో, స్టాటిస్టిక్స్‌లో దిగ్గజమైన ఫిషర్ దగ్గర. ఈ మూడు యూనివర్సిటీలవాళ్లూ మావాడే అంటారు. ముగ్గురి మాటా నిజమే. లెక్కల పునాది ఇక్కడ పడిందన్నంతవరకు నేనూ ఒప్పుకుంటాను.

జి.ఎం.సి. బాలయోగి ఎదుర్లంకవాడు. కాకినాడలో డిగ్రీ, వాల్తేరులో పీజీ, లా. ఆ రోజుల్లో ఎదుర్లంక నుంచి కాకినాడ వెళ్లాలంటే యానాం రేవులో గోదావరి దాటాలి. ఇప్పుడు అక్కడున్న వంతెనకి ఆయన పేరే. ఒక లంక ఊరి పిల్లాడు లోక్‌సభ స్పీకరైన దారిలో వాల్తేరు ఒక మజిలీ. ఏలూరులో పుట్టిన దువ్వూరి సుబ్బారావు ఐఐటీలు, ఒహాయో, ఐఏఎస్ అన్నీ చూసి పీహెచ్‌డీకి ఆంధ్రా యూనివర్సిటీకే వచ్చారు, తర్వాత రిజర్వ్ బ్యాంక్ గవర్నరయ్యారు. భీమవరం త్రివిక్రమ్ అక్కడే న్యూక్లియర్ ఫిజిక్స్ చదివి సినిమాల్లోకి వెళ్లాడు, ఆయన్ని ఏ లెక్కలో వెయ్యాలో బావగారే తేల్చాలి.

ఇంట్లోనే ఉండి రాజానగరంలో నన్నయ క్యాంపస్‌లో చేరొచ్చు కదా అని మా అమ్మ మధ్యలో అంది. ఆ మాట తీసెయ్యలేం, ఖర్చు తక్కువ. కానీ ఈ పిల్లకి ఇల్లు దాటడమే సగం చదువు. దాన్ని అక్కడితో వదిలేశాం.

ఇక లెక్కకొస్తే, రాజమండ్రి నుంచి వైజాగ్ రైల్లో రెండొందల కిలోమీటర్లు. పొద్దున ఎక్కితే మధ్యాహ్నం భోజనానికి దిగొచ్చు. చెన్నై సుమారు 580, సర్కార్ ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా ప్రయాణం, పండక్కి బెర్త్ దొరకడం ఒక టెన్షన్. అక్కడ అరవం రాకపోతే ఆటో దగ్గర నుంచి ఇబ్బందే. మద్రాసుకి ఒక్క మాట ఇస్తాను: పీజీ అవగానే ఉద్యోగం వెతుక్కోవాలంటే ఆ ఊరు పెద్దది, కంపెనీలు ఎక్కువ. సముద్రం మాత్రం ఇద్దరికీ ఎదురుగానే ఉంది, అందులో తేడా లేదు.

నిన్న రాత్రి మొదటి ఆప్షన్‌గా వాల్తేరు పెట్టాం. బావగారు ఇంకా అలిగే ఉన్నారు. పిల్ల ల్యాప్‌టాప్ మూసి తాతగారి పటం వైపు చూసి, "పిన్నీ, తాతగారు ఎప్పుడైనా మద్రాసు వెళ్లారా?" అని అడిగింది.

వెళ్లారు. ఒకేసారి, ముసలితనంలో, ఎగ్మూరులో కంటి ఆపరేషన్‌కి. బస్సు బీచి రోడ్డు మీద యూనివర్సిటీ ముందు నుంచే వెళ్లిందిట. కంటికి కట్టు ఉండడంతో కనపడలేదుట.