అమెరికా రౌతుల ఆయుధాల పరిశోధనకు పాత మైక్రోఫిల్మ్‌లు: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

అమెరికా అంతర్యుద్ధానికి ముందు పశ్చిమ సరిహద్దుల్లో తిరిగిన గుర్రపు సైనికుల చేతుల్లో ఏ తుపాకులు ఉండేవి, అవి వాళ్లకు నిజంగా పనికొచ్చాయా అన్న ప్రశ్న నన్ను చాలా ఏళ్లుగా వదలడం లేదు. నేనుండేది కాన్సస్ సిటీలో. 1827లో వెలిసిన ఫోర్ట్ లెవెన్‌వర్త్ ఇక్కడికి దగ్గరే. అప్పట్లో పడమటికి కదిలిన గుర్రపు దళాల్లో చాలావాటికి అదే బయలుదేరే చోటు. ఈ ఆసక్తితో నేను ఎక్కువగా వాడింది నేషనల్ ఆర్కైవ్స్ (అమెరికా ప్రభుత్వ పాత పత్రాల భాండాగారం) తయారుచేసిన నాలుగు మైక్రోఫిల్మ్ వరుసలు, అంటే పాత కాగితాలను చిన్న ఫొటోలుగా ఫిల్మ్ చుట్టల మీదికి ఎక్కించినవి. కోటల నెలవారీ లెక్కలు (ఎం-617, 1550 రీళ్లు), గుర్రపు రెజిమెంట్ల నెలవారీ లెక్కలు (ఎం-744, 117 రీళ్లు), సైన్యంలో చేరినవారి రిజిస్టర్లు (ఎం-233, 81 రీళ్లు), అడ్జుటెంట్ జనరల్‌కు (సైన్యం ఉత్తరాలు, రికార్డులు చూసే అధికారికి) 1822 నుంచి 1860 దాకా వచ్చిన ఉత్తరాలు (ఎం-567, 636 రీళ్లు). నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఆయుధాల గురించి తెలుసుకోవాలంటే నాలుగో వరుసకు సాటి లేదు. చదవడానికి అన్నిటికంటే కష్టమైనదీ అదే.

లోపలికి వెళ్లే ముందు రెజిమెంట్ల పేర్ల చిక్కు విప్పుకోవాలి. 1832లో హెన్రీ డాడ్జ్ కింద గుర్రపు రేంజర్ల పటాలం ఒకటి పెట్టారు. అది ఏడాదికి మించి నిలవలేదు. 1833 మార్చిలో డ్రాగూన్ (గుర్రం మీదా, దిగి నేల మీదా పోరాడే సైనికుల) రెజిమెంట్ పుట్టింది. దానికి డాడ్జ్ కల్నల్, స్టీఫెన్ వాట్స్ కార్నీ లెఫ్టినెంట్ కల్నల్. 1836లో రెండో డ్రాగూన్లు, 1846లో మౌంటెడ్ రైఫిల్‌మెన్, 1855లో ఒకటో, రెండో కావల్రీ (గుర్రపు దళం) రెజిమెంట్లు వచ్చాయి. 1861 ఆగస్టులో వీటన్నిటికీ వరుసగా కొత్త నంబర్లు ఇచ్చారు. ఒకటో డ్రాగూన్లు ఒకటో కావల్రీ అయ్యారు, అసలు ఒకటో కావల్రీ నాలుగోది అయింది, రాబర్ట్ లీ పనిచేసిన రెండో కావల్రీ ఐదోది అయింది. కాబట్టి ఎం-744లో 1857 నాటి ఒకటో కావల్రీ కావాలనుకునేవాళ్లు ఒకటో నంబరు కింద వెతికితే డ్రాగూన్లు తగులుతారు. నాలుగో నంబరు కింద చూడాలి. ఇది తెలియక మధ్యలోనే వదిలేసినవాళ్లను చూశాను.

ఎం-744తోనే మొదలుపెట్టమంటాను. నెలకో పెద్ద ఫారం, అందులో కంపెనీ వారీగా గడులు. పది కంపెనీలు, ఏ నుంచి కె దాకా, జె ఉండదు. డ్యూటీలో ఉన్నవాళ్లు, జబ్బుపడ్డవాళ్లు, కాపలా గదిలో ఉన్నవాళ్లు, పారిపోయినవాళ్లు, చనిపోయినవాళ్లు, అన్నిటికీ అంకెలు. వీటి పక్కన గుర్రాల లెక్క కూడా ఉంటుంది. నాకు ఈ వరుసలో అన్నిటికంటే ఇష్టమైనది ఆ గుర్రాల గడే. రౌతు కొద్దీ గుర్రం అంటాం గానీ ఈ కాగితాలు చదివితే గుర్రం కొద్దీ యుద్ధం అనిపిస్తుంది. 1834 వేసవిలో ఫోర్ట్ గిబ్సన్ నుంచి సుమారు 500 మంది డ్రాగూన్లు రెడ్ నది వైపు విచిటా, కొమాంచీ ప్రజల దగ్గరికి బయలుదేరారు. తుపాకీ పేల్చాల్సిన అవసరమే రాలేదు గానీ జ్వరాలు దళాన్ని తినేశాయి. దళాన్ని నడిపించిన జనరల్ హెన్రీ లెవెన్‌వర్త్ స్వయంగా జులై 21న కన్నుమూశాడు. అలాంటి నెలల్లో జబ్బుల గడి, గుర్రాల గడి పక్కపక్కన పెట్టి చదివితే ఆ ప్రయాణం ఎలా సాగిందో ఏ వర్ణనా అక్కర్లేకుండానే అర్థమవుతుంది.

ఎం-617 అవసరాన్ని బట్టి తెరిచి మూసే వరుస. ఫలానా నెలలో ఫలానా కంపెనీ ఫోర్ట్ స్కాట్‌లో ఉందా, ఫోర్ట్ యూనియన్‌లో ఉందా అన్నది తేల్చుకోవడానికి దాన్ని మించింది లేదు. ఎం-233లో మనుషులు కనిపిస్తారు. వయసు, ఎత్తు, కళ్ల రంగు, పుట్టిన ఊరు, చేరకముందు చేసిన పని, చివర్లో ఆ మనిషి ఏమయ్యాడన్న ఒక చిన్న వాక్యం. ఈ రెండు వరుసలూ ఫ్యామిలీసెర్చ్ అనే వంశ చరిత్రల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి కాబట్టి ఇంట్లో కూర్చుని పని కానివ్వొచ్చు.

అయితే ఈ మూడింటిలో ఎన్ని రీళ్లు తిప్పినా ఆయుధం గురించి దాదాపు ఏమీ దొరకదు. మనుషుల్నీ గుర్రాల్నీ లెక్కపెట్టిన ఫారాల్లో తుపాకులకు గడి లేదు. వాటి లెక్క వేరే శాఖకు వెళ్లేది. పైగా ఆ లెక్క దొరికినా తెలిసేది ఎన్ని ఇచ్చారన్నదే. అవి పేలాయా, గురి తగిలిందా, రౌతు వాటిని తిట్టుకున్నాడా అన్నది అందులో రాయరు. ఆ సంగతులు ఉత్తరాల్లో ఉంటాయి, తనిఖీ నివేదికల్లో ఉంటాయి.

ఉదాహరణకు 1847 మస్కటూన్. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధశాల చేసిన పొట్టి తుపాకీ ఇది. గొట్టం లోపల గాట్లు లేవు, నున్నగా ఉంటుంది, 0.69 అంగుళాల వెడల్పు. మందు, గుండు మూతి వైపు నుంచే దట్టించాలి. దట్టించే కడ్డీ గుర్రం మీద జారి పడిపోకుండా దాన్ని గొట్టానికే ఇరుసుతో తగిలించారు. ఆయుధాల పుస్తకాల్లో వివరణ ఇంతవరకే ఉంటుంది. సరిహద్దు నుంచి వచ్చిన కాగితాలు చదివితే అసలు సంగతి బయటపడుతుంది. రౌతు దీన్ని భుజం పట్టీకి తగిలించుకుని మూతి కిందికి ఉండేలా వేలాడదీసుకునేవాడు. గుర్రం దౌడు తీస్తుంటే లోపలి గుండు వదులై జారిపోయేది. అవసరం వచ్చి పేలిస్తే ఉత్త మందు మండేది. జారకుండా ఉన్నా కాస్త దూరానికే గురి తప్పేది. 1853లో న్యూ మెక్సికో కోటలన్నీ తనిఖీ చేసిన కల్నల్ జోసెఫ్ మాన్స్‌ఫీల్డ్ ఇది కొరగాని ఆయుధమని తేల్చేశాడు. మరుసటి ఏడాది మార్చి 30న సియెనెగియా దగ్గర లెఫ్టినెంట్ జాన్ డేవిడ్సన్ వెంట ఉన్న సుమారు 60 మంది డ్రాగూన్లు హికారియా అపాచీలతో తలపడి 22 మందిని పోగొట్టుకున్నారు. ఓటమికి మస్కటూన్ ఒక్కటే కారణమని నేననను. ఎక్కడ నిలబడి పోరాడారు, ఎలా వెనక్కి తగ్గారు అన్నదాని మీద అప్పుడే గొడవ రేగి విచారణ దాకా వెళ్లింది. కానీ ఆ వాదనలు చదివేటప్పుడు వాళ్ల భుజాన వేలాడింది ఏ తుపాకీయో మనసులో పెట్టుకుని చదవాలి.

మస్కటూన్ రాకముందు డ్రాగూన్ల దగ్గర ఉన్నది హాల్ కార్బైన్ (కార్బైన్ అంటే రౌతుల పొట్టి తుపాకీ). కనెక్టికట్‌లో సిమియన్ నార్త్ చేసిన 1833 మోడల్. అమెరికా సైన్యం తీసుకున్న ఆయుధాల్లో చెకుముకి రాయి బదులు టోపీతో (దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే మందున్న చిన్న లోహపు మూతతో) పేలే మొట్టమొదటిది ఇదే. దీన్ని ఒక సేకర్త దయవల్ల చేతిలోకి తీసుకుని చూశాను. గొట్టం వెనక చివర ఒక ఇనుప దిమ్మ ఉంటుంది. కింద ఉన్న మీట నొక్కితే ఆ దిమ్మ ముందు భాగం పైకి లేస్తుంది. దాని నోట్లో మందు, గుండు పెట్టి కిందికి అదిమితే టక్కున కూర్చుంటుంది. గుర్రం మీద ఉండి కూడా చేయగలిగిన పని. చిక్కంతా ఆ దిమ్మకూ గొట్టానికీ మధ్య సందులో ఉంది. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే సన్నటి గీతలా కనిపిస్తుంది. పేల్చినప్పుడల్లా ఆ సందులోంచి మంట, పొగ బయటికి తన్నుతాయి. వాడిన కొద్దీ సందు పెరుగుతుంది, మసి పేరుకుని దిమ్మ బిగుసుకుంటుంది. ఈ ఒక్క లోపం వల్ల వెనక నుంచి నింపే తుపాకీని పక్కన పెట్టి, మళ్లీ మూతి నుంచి దట్టించే మస్కటూన్‌కు వెళ్లారంటే మొదట్లో నాకు మింగుడుపడలేదు. ఆ సందును కళ్లారా చూశాక ఫిర్యాదుల్లోని కోపం అర్థమైంది. తర్వాత 1850లలో షార్ప్స్ కార్బైన్లు అందడం మొదలయ్యాకే సరిహద్దు రౌతుకు నమ్మదగిన తుపాకీ దొరికిందని నా అంచనా.

ఉత్తరాల వరుసకు పెద్ద లోపం ఒకటుంది. అందులో మాట్లాడేది ఒక పక్షమే. 1857 జులై 29న సాలమన్ నది దగ్గర కల్నల్ ఎడ్విన్ సమ్నర్ ఆరు కంపెనీల ఒకటో కావల్రీతో సుమారు 300 మంది చెయెన్ తెగ యోధులకు ఎదురుపడ్డాడు. కార్బైన్లు వదిలి కత్తులు దూయమని ఆజ్ఞ ఇచ్చాడు. చెయెన్లు కాసేపు నిలబడి, తర్వాత గుర్రాలు తిప్పుకుని వెళ్లిపోయారు. వెంటాడటంలో లెఫ్టినెంట్ జెబ్ స్టువర్ట్ ఛాతీలో పిస్తోలు గుండు దిగింది. సైన్యం కాగితాలు మాత్రమే చదివితే కత్తుల దాడికి బెదిరిపోయారనే అనిపిస్తుంది. దశాబ్దాల తర్వాత చెయెన్ల చరిత్ర రాసిన జార్జ్ బర్డ్ గ్రినెల్ ఆ తెగ పెద్దల నోట విని రాసుకున్నది వేరు. సైనికుల గుండ్లు తమకు తగలకుండా కాపాడే శక్తి కోసం యోధులు ఒక సరస్సు నీళ్లలో చేతులు ముంచి వచ్చారు. ఆ రక్షణ తుపాకులకే గానీ కత్తులకు కాదు. కత్తులు మెరిసేసరికి లెక్క తప్పింది. ఒకే ఆజ్ఞకు అటు ఒక కారణం, ఇటు ఒక కారణం. రెండోది 636 రీళ్లలో ఎక్కడా దొరకదు. అందుకని ఈ మైక్రోఫిల్మ్‌ల మీదే ఆధారపడి ఏ పోరు గురించీ తీర్పు చెప్పకూడదని గట్టిగా నమ్ముతాను. మూలవాసుల కథనాలు ఎక్కడ దొరికినా పక్కన పెట్టుకునే చదవాలి.

ఇక వాడకం సంగతులు. ఎం-567లో ఉత్తరాలు సంవత్సరం వారీగా, రాసినవాడి ఇంటిపేరు మొదటి అక్షరం వారీగా, ఆ తర్వాత నంబరు వారీగా ఉంటాయి. కార్నీ ఉత్తరం కె కిందే ఉంటుంది. ఐతే ఒక లెఫ్టినెంట్ రాసిన నివేదికను పై అధికారి తన ఉత్తరంతో జతచేసి పంపితే అది ఆ పై అధికారి పేరు కిందికి వెళ్లిపోతుంది. న్యూ మెక్సికో సంగతి దొరకకపోతే ఆ విభాగానికి అప్పుడు అధిపతిగా ఉన్నవాడి పేరు కింద చూడండి. ఎం-711 అనే రిజిస్టర్ల వరుస ముందు తిరగేస్తే ఈ తిప్పలు సగానికి సగం తగ్గుతాయి. ఉత్తరాల్లో తేదీ పక్కన అల్ట్ అని కనిపిస్తే పోయిన నెల, ఇన్‌స్ట్ అని ఉంటే ఈ నెల. డిసెంబరు ఉత్తరంలో 28 అల్ట్ అంటే నవంబరు 28. ఇది పట్టించుకోకపోతే పోరు తేదీ ఏకంగా నెల రోజులు జరిగిపోతుంది. రెండు ఎస్‌లు పక్కపక్కన వచ్చినప్పుడు మొదటిదాన్ని ఎఫ్‌లా పొడుగ్గా రాసేవాళ్లు కొందరు 1850ల్లో కూడా ఉన్నారు. కొన్ని స్కాన్లలో సిరా వెనక్కి దిగి రెండు పేజీలు కలిసిపోతాయి. రంగు తీసేసి కాంట్రాస్ట్ పెంచితే కొంత నయం.

చదవడానికి కొత్తవాళ్లయితే 1850ల నుంచి వెనక్కి వెళ్లండి. అప్పటికి ఫారాలు ఒక పద్ధతికి వచ్చాయి, గుమాస్తాల చేతిరాత కూడా మెరుగు. ఒక కంపెనీని ఎంచుకుని ఏడాది పాటు దాని వెంటే తిరగండి. ముందు ఎం-744లో అది ఎక్కడుందో నెలనెలా రాసుకోండి, తర్వాత ఆ కెప్టెన్ పేరుతో ఎం-567 తెరవండి. తుపాకుల మీద ఫిర్యాదు వచ్చేది ఎక్కువగా పెద్ద కవాతు ముగిసిన రెండు మూడు నెలల్లోపే. కాబట్టి కవాతు తేదీలు దగ్గర పెట్టుకుంటే ఏ రీలు తిప్పాలో మీకే తెలుస్తుంది.