తొమ్మిదేళ్లుగా వీడియో కాల్స్: అన్నీ బాగానే ఉన్నాయి, సముద్రం తప్ప

మా అమ్మాయి డల్లాస్‌లో, మేం విశాఖ ఎంవీపీ కాలనీలో, మా అమ్మ భీమిలిలో. మూడిళ్లనూ కలిపి ఉంచేది ఫోనే కాబట్టి ఈ నాలుగు మాటలు.

మొదట్లో స్కైప్. ఆదివారం పొద్దున్నే ల్యాప్‌టాప్ ముందు పెళ్లి ఫొటోకి కూర్చున్నట్టు అందరం సర్దుకుని కూర్చునేవాళ్లం. (పాపం, అది 2025 మేలో మూతపడింది.) 2016 సెప్టెంబరులో జియో ఉచితంగా డేటా ఇచ్చింది, నవంబరులో వాట్సాప్‌లో వీడియో కాల్ వచ్చింది. అంతే, మాటలన్నీ వంటింట్లోకి వచ్చేశాయి. పోపుల డబ్బాకి ఫోన్ ఆనించి మాట్లాడటం అప్పటి నుంచే అలవాటు. ఈలోగా మూడు ఫోన్లు మారాయి, డబ్బా అదే.

అమ్మ మాత్రం వీడియో కాల్ అయినా ఫోన్ చెవికే పెట్టుకుంటుంది. తెరంతా చెవి, దానికో కమ్మ. "అమ్మమ్మా, ఫోన్ ముందు పెట్టు!" అని మా అమ్మాయి అరిస్తే, ముందుకు తెచ్చి మొదట అనే మాట, "ఏటే, అలా చిక్కిపోయావు?" కమ్మలో ఒక రాయి ఊడిందని నేను కనిపెట్టింది కూడా ఇలాంటి కాల్‌లోనే. నెలకోసారి భీమిలి వెళ్తాను గానీ, అంత దగ్గరగా ఆమె చెవి ఎప్పుడు చూశాను గనక!

2020 లాక్‌డౌన్‌లో గ్రూప్ కాల్ నలుగురి నుంచి ఎనిమిది మందికి పెరిగింది. ఎనిమిది మందీ ఒకేసారి "వినిపిస్తోందా?" అనడమే గుర్తుంది.

ఇక లోటు. మొన్న మేలో "అమ్మా, ఒకసారి బీచ్ చూపించవా" అంది మా అమ్మాయి. సాయంత్రం ఆరింటికి ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరీన్ దగ్గర నిలబడి కాల్ చేశాను. అక్కడ పొద్దున్న ఏడున్నర. అలలు చూసి, "మ్యూట్‌లో పెట్టావా?" అంది. నా గొంతు మాత్రం స్పష్టంగా వినిపిస్తోందట! మాట తప్ప, ఆగకుండా వచ్చే హోరునంతా వీడియో కాల్ నాయిస్ అనుకుని అణిచేస్తుందని తర్వాత మా అబ్బాయి చెప్పాడు. మిక్సీ మోత అవతలికి పోనివ్వదని ఇన్నాళ్లూ నేను మెచ్చుకున్నది దీన్నేనన్నమాట.

కాల్ కట్ చేసి, ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి నీళ్ల దాకా వెళ్లాను. నలభై సెకన్లు రికార్డ్ చేసి పంపించాను. అలలతో పాటు మురీ మిక్చర్ అబ్బాయి కేక కూడా అందులో పడింది. మా అమ్మాయికి అదే ఎక్కువ నచ్చిందట.